రాయి దొరికిన చోటు

జగిత్యాల
14 జూలై 2024, ఆదివారం

తమ్మీ సురేందర్,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. నీకు చేస్తే రూములో అందరూ వింటారంటావు. కోరుట్లకు పోయి చేద్దామంటే అవ్వ నా చేతిలోంచి ఫోన్ గుంజుకుంటుంది, ఇక నాకు ఇచ్చేది లేదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. శుక్రవారం తీరికగా చదువు. నువ్వు కూడా ఇట్లాగే రాయి, నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో.

విషయమేమిటంటే, నిన్న ఒక సైన్సు పత్రికకు వ్యాసం పంపేశాను. పోయిన ఏడాది కార్గో డబ్బాలో దుప్పట్ల మధ్య నువ్వు మూడు రాళ్ళు పెట్టి పంపావు కదా, అందులో బూడిదరంగు రాయి గురించి. రాధ డబ్బా విప్పి, "సబ్బులొస్తయనుకుంటే బండలొచ్చినయి వదినె, మీ తమ్మునికి మేం ఎట్ల కనపడుతున్నం?" అన్న రాయి.

దాన్ని ఇక్కడ వంటింటి గట్లకు బండలు కోసే షాపులో రెండు ముక్కలు చేయించాను. అతను "మేడం, గింత ముక్క ఏ గట్టుకు పెడ్తరు?" అన్నాడు. తర్వాత హైదరాబాద్‌లో మా పాత సారు వెలుతురు దూరేంత పలుచగా అరగదీయించి ఇచ్చారు. మా కాలేజీ బాటనీ ల్యాబ్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. చిన్న చిన్న గదులు ఒకదాని మీద ఒకటి, వాటి నడుమ నుంచి పైదాకా ఒక గొట్టం. అది స్పాంజి, సురేందర్. ఇరవై ఒక్క కోట్ల ఏళ్ళ కింద సముద్రంలో కదలకుండా నిలబడి, నీళ్ళు వడపోసుకుని బతికిన జీవి. అటువంటివి వేలకు వేలు పెరిగి, చచ్చి, వాటి మీద మళ్ళీ పెరిగి సముద్రంలో పెద్ద దిబ్బలు కట్టాయి. నీ స్పాంజికి ఆ నడిమి గొట్టంలో రంధ్రాలు ఒకే వరుసలో, మెలి తిరిగి ఉన్నాయి. తెలిసిన ఏ జాతిలోనూ అట్లా లేవు. నేను చూసినంతలో లేవు. చూడనివి ఎన్ని ఉన్నాయోనని రోజుకు నాలుగుసార్లు లేచి పాత పుస్తకాలు తిరగేస్తున్నాను. జియాలజీ చదివి ఇరవై ఏళ్ళుగా పర్యావరణ పాఠాలు చెప్పుకుంటున్నదాన్ని, నలభై ఆరేళ్ళకు కొత్త జాతి అంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

కొత్త జాతికి పేరు పెట్టాలంటే అది దొరికిన చోటు చెప్పాలి. ఆ రాయి ఏ పొరలోది, ఏ కాలానిది, ఇంకొకరు పోయి వెతికితే మళ్ళీ దొరుకుతుందా, అన్నీ ఆ చోటు మీదే ఆధారం. నువ్వు వాట్సాప్‌లో పంపిన లొకేషన్‌ను అంకెలతో సహా ఎక్కించాను. జాతికి నీ పేరే పెట్టాను: సురేందరి. సేకరించినవారు: కట్కం సురేందర్, ఫుజైరాలో క్వారీ కార్మికుడు.

దగ్గు తగ్గిందా? మందు వాడుతున్నావా?

అక్క,
వందన


క్యాంపు
26 జూలై, శుక్రవారం

అక్కా,

నీ లెటర్ రెండుసార్లు చదివిన. నువ్వు రాస్తే పేపర్ల వార్త లెక్కుంటది. నాకు గట్ల రాదు, నోటికొచ్చినట్టే రాస్తున్న, తప్పులు దిద్దకు.

నాకు గా గదులు, గొట్టం ఏం తెల్వదు. చేతులకు తీసుకున్నప్పుడు సకినాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనవడ్డది. నువ్వు యాదికొచ్చినవ్. చిన్నప్పుడు నీ కాలేజి రాళ్ళ సంచి బస్టాండ్ దాకా నాతోనే మోయిస్తుంటివి గదా.

గని నా పేరు పెట్టుడేంది అక్కా? వద్దు. మనల కన్న అవ్వ పేరు పెట్టు. దేవవ్వ అని పెడితే కోరుట్ల సగం ఊరికి చెప్పుకుంటది. నాది వద్దు, నిజంగనే చెప్తున్న. ఇంకోటి, లొకేషన్ గంత ఇవరంగ రాయాల్నా? దుబాయిల ఒక గుట్ట అని రాస్తే సరిపోదా? ఎవ్వలు పోయి చూస్తరు?

దగ్గు తగ్గింది. రాధను బీడీలు ఎక్కువ చెయ్యొద్దను, మెడ నొస్తదని అంటున్నది. బావను అడిగిన్నని చెప్పు.

నీ తమ్ముడు
సురేందర్


జగిత్యాల
2 సెప్టెంబర్

సురేందర్,

నువ్వు సిగ్గుపడి పేరు వద్దంటున్నావనుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

పత్రికవాళ్ళు వ్యాసాన్ని ఇద్దరు నిపుణులకు పంపించి అడిగారు. ఒకాయన జాతి కొత్తదేనన్నాడు. ఆ వాక్యం చదివి కుర్చీలోంచి లేచి వరండాలోకి పోయి మళ్ళీ వచ్చాను. రెండో ఆయన నువ్వు పంపిన లొకేషన్‌ను ఉపగ్రహ ఫోటోలో తెరిచి చూశాడు. అది రేకుల షెడ్డు మీద పడిందట. నీలం రేకులు, పక్కన నీళ్ళ ట్యాంకు, తీగల మీద ఆరేసిన బట్టలు. "ఈ జీవి కార్మికుల క్యాంపు కప్పు మీద పెరిగిందా?" అని రాశాడు. చుట్టూ కొన్ని కిలోమీటర్ల దాకా ఉన్నది భూమి లోపలి నుంచి వచ్చిన నల్లరాయి, అందులో స్పాంజి ఉండే అవకాశమే లేదు, సముద్రపు దిబ్బ సున్నపురాయి అక్కడికి ఎట్లా వచ్చింది, అని అడిగాడు. అక్టోబర్ ముప్పై ఒకటి లోపల జవాబు చెప్పాలి. లేకపోతే వ్యాసం పక్కన పెడతారు.

క్యాంపు నుంచి లొకేషన్ పంపితే క్యాంపే వస్తుంది, అది నాకు తట్టనందుకు సిగ్గేస్తోంది. కానీ రాయి మాటేమిటి? ఆ దేశాల్లో ఇట్లాంటి రాళ్ళను నున్నగా చేసి టూరిస్టులకు అమ్ముతారు. వాటిని ఎక్కడెక్కడి నుంచో తెస్తారు. నా సంతోషం కోసం నువ్వు ఏ దుకాణంలోనైనా కొన్నావా? కొని ఉంటే కోప్పడను. నిజం చెప్పు చాలు.

వందన


క్యాంపు
6 సెప్టెంబర్, శుక్రవారం

అక్కా,

పైసలు పెట్టి బండలు కొననీకి నాకేమన్న దయ్యం పట్టిందా? గా రాయి నా చేతులతోని మోసిన. గాడనే, క్యాంపు యెనుక దొరికింది. లారీల వడ్డదో, ఆకాశంల నుంచి వడ్డదో నాకేం తెలుసు? చదువుకున్నోళ్ళు మీరు చెప్పాలె.

ఒక్క ముచ్చట అడుగుతా. నీ లెటర్ల రాయి గురించి ఎన్ని సవాళ్ళున్నయో లెక్కవెట్టుకో. నేనెట్లున్ననో అని ఒక్కటి లేదు. ఈసారి దగ్గు గూడ అడగలే.

కొనుక్కొచ్చి అబద్ధం చెప్పేటోని లెక్క కనవడ్తున్ననా నీకు?

ఇగ రాయకు కొన్ని దినాలు.

సురేందర్


జగిత్యాల
22 సెప్టెంబర్, ఆదివారం

తమ్మీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. కొన్నావా అని అడిగినందుకు ముందు క్షమించు. నువ్వు కొనలేదు. నాకు ఇప్పుడు తెలుసు.

నిన్న తంగళ్ళపల్లికి పోయాను. నీ క్యాంపు దోస్తు విఠల్ సెలవు మీద ఇంటికి వచ్చాడని రాధ చెప్పింది. అతను చూసి ఉంటాడు, నల్లరాయి మధ్యలో ఎక్కడైనా తెల్లటి పట్టీ ఉందేమో అడుగుదామని పోయాను. వాళ్ళింట్లో నాలుగు మగ్గాలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో అరిస్తే తప్ప వినపడదు. నేను అరిచి అడిగాను: "సురేందర్‌కు రాయి ఎక్కడ దొరికింది?"

"నాకేం ఎరుక అక్కా!"

"లొకేషన్ మీ క్యాంపుదే కదా!"

"అది నేనే పంపిన! అక్కకు కావాలె, పంపురా అన్నడు, పంపిన!"

"వాడు ఎందుకు పంపలేదు?"

"వాడేడున్నడు మా కాడ?" అని విఠల్ గొంతు చించుకుని అరుస్తుండగా కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. "ఏడాదిన్నర ఆయె ఖల్లివల్లి అయ్యి!" అన్న మాట ఒక్కటే ఆ వాడంతా వినపడింది. పక్కింటామె కండె చేతిలో పట్టుకుని గడప దాకా వచ్చింది. విఠల్ తల పట్టుకుని కూర్చున్నాడు. "అక్కా, కాళ్ళు మొక్కుత, నేను చెప్పలే అను."

కంపెనీ వదిలి, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే వదిలి, కాగితాలు లేకుండా తిరుగుతున్నావా? ఏడాదిన్నరగా? ప్రతి నెలా అవ్వతో "క్యాంపుల మంచిగున్న" అని చెప్పింది ఎక్కడ నిలబడి?

నేను జగిత్యాల బస్సు దిగేసరికి సంగతి కోరుట్లకు చేరింది. రాధ ఫోన్ చేసి ఒకటే మాట అన్నది: "లొకేషన్ మీ దగ్గరున్నది గదా వదినె. ఆయన ఏడున్నడో మీకు తెల్వకుండెనా?" నేను కూడా నీతో కలిసి దాచాననుకుంటోంది. ఎంత చెప్పినా వినలేదు.

నా తప్పు కూడా రాస్తాను. ఆ చోటులో నల్లరాయి ఉందని నాకు ముందే తెలుసు. వ్యాసం పంపకముందే మ్యాపు చూశాను. పది కిలోమీటర్ల అవతల సన్నటి సున్నపురాయి గీత ఒకటి కనిపిస్తే, అదే అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. నీ లొకేషన్‌ను నమ్మింది నీ మీద నమ్మకంతో కాదు, నాకు అది కావాలి కాబట్టి. క్లాసులో ఒక పిల్ల ఇట్లా చేస్తే పేపరు చింపి చేతిలో పెట్టేదాన్ని.

ఇప్పుడు అక్కడ ఆమ్నెస్టీ నడుస్తోందట కదా, జుర్మానా లేకుండా, కేసు లేకుండా పంపిస్తారని విఠల్ చెప్పాడు. పో. రేపే పో. ఎక్కడున్నావు, ఏం తింటున్నావు, ఎట్లున్నావు, రాయి.

అక్క


షార్జా
27 సెప్టెంబర్, శుక్రవారం

అక్కా,

ఇగ దాచేది లేదు. షార్జాల ఒక రూముల ఉంటున్న. పెయింటింగ్ పనికి పోతున్న. మంచిగనే తింటున్న.

కంపెనీ ఎందుకిడిసిన్నంటే, క్రషర్ బెల్టు కాడ నా పక్కన నేపాలాయన పనిచేస్తుండె. ఆయన చెయ్యి బెల్టుల పోయింది. మోచేతి దాక. తెల్లారి నన్ను గా బెల్టు కాడనే నిలవెట్టిండ్రు, రకతం గూడ సక్కగ కడగలే. మూడు దినాలు చేసిన. నాలుగో దినం కాళ్ళు లోపలికి పోలే. గేటు బయటికి పోయినయి. గంతే. ఆలోచించి చేసింది కాదు.

ఇంట్ల చెప్తే అవ్వ అన్నం ముట్టదు. రాధ వచ్చెయ్ అంటది. పాస్‌పోర్టు లేకుండ ఎట్ల వస్త? నీకు చెప్తే నువ్వు ఆఫీసర్లకు లెటర్లు రాస్తవ్. గందుకే చెప్పలే.

గప్పుడు రాస్ అల్ ఖైమా కాడ కొండల కింద ఒక ముసలి అర్బాబు, మేకల ఆసామి, పనికి పెట్టుకున్నడు. మేకల దొడ్డికి గోడ కట్టుడు. మంచోడు, నేను తిన్నంక తినేటోడు. వాగుల నుంచి రాళ్ళు మోసుకొచ్చి పేర్చేది. గా రాయి గోడల పెట్టబోయిన. ఎందుకో తిప్పి చూసిన. పక్కకు పెట్టిన. కార్గో డబ్బా విఠల్ పేరు మీద పంపిన. నువ్వు లొకేషన్ అడిగినప్పుడు నా ఫోన్‌ల నుంచి పంపితే ఫుజైరా కాదని తెలుస్తది, గందుకే వానితోని పంపిచ్చి, నీకు నేను పంపిన. నీ పని గిట్ల ఖరాబైతదని నాకు ఎరుకలేదక్కా. జాగ అంటే ఏదో ఒక జాగ అనుకున్న.

ముసలాయన మేకలమ్ముకున్నంక షార్జాకు వచ్చిన. ఆమ్నెస్టీకి పోత. భయమైతున్నది, నా పేరు మీద కంపెనీ పరారి కేసు వెట్టింది. పోయే ముందు ఒక్కపారి గా వాగు కాడికి పోయి సరైన లొకేషన్ తీసుకొస్త. నీ అక్టోబర్ ముప్పై ఒకటికి అందాలె. నడుమల ఒక చెక్‌పోస్టున్నది, చూద్దాం.

సురేందర్


జగిత్యాల
21 అక్టోబర్

సురేందర్,

నీ ఉత్తరం అందిన రోజే "వాగు దగ్గరికి పోకు" అని పంపాను. నువ్వు చదివినట్టు ఫోన్‌లో నీలి టిక్కు పడలేదు. మర్నాడు చేస్తే ఫోన్ స్విచాఫ్. ఇరవై మూడు రోజులైంది.

నాకు ఏ పనీ సాగడం లేదు. పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను. మొన్న ఒక అమ్మాయి లేచి "మేడం, వాక్యం అయిపోలే" అన్నది. టీ పెట్టి మరిచిపోయి గిన్నె మాడబెట్టాను. మీ బావ కొత్త గిన్నె తెచ్చి తనే టీ పెట్టాడు, అది ఇంకా కష్టంగా ఉంది.

రాధ నిన్న జగిత్యాలకు వచ్చింది. లోపలికి రమ్మంటే గడపలోనే నిలబడింది. "వాగు కాడికి పోతనని మీకే రాసిండట గదా వదినె. మీ రాయి కోసమే గదా పోయింది. ఆయనకేమన్నయితే గా రాయిని ఏం చేసుకుంటరు?" అంది. కాఫీ కూడా తాగకుండా పోయింది. ఆమె మాటలో అన్యాయం ఎక్కడుందా అని వెతికాను. లేదు.

ఆమె పోయాక వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఎడిటర్‌కు రాశాను. చోటు తప్పు ఇచ్చాను, సరైనది నా దగ్గర లేదు, అని. సేకరించిన మనిషి గురించి ఒక్క మాట కూడా రాయలేదు. కాబట్టి ఇప్పుడు లొకేషన్ అవసరం నాకు లేదు. ఎవరికీ లేదు. ఏ చెక్‌పోస్టు దగ్గరా ఆగకు. ఇది నీకు ఎప్పుడు అందుతుందో తెలియదు, ఎక్కడ ఉండి చదువుతావో తెలియదు.

ఒక్క ముక్క రాయి. "ఉన్న" అని రాసినా చాలు.

అక్క


షార్జా
1 నవంబర్, శుక్రవారం

అక్కా,

ఉన్న.

ఫోన్ పని కాడ మూడో అంతస్తు మీదికెల్లి వడ్డది. నెంబర్లన్ని గండ్లనే పోయినయి. కూలి పైసలు జమ చేసి కొని, కొత్త ఫోన్‌ల నిన్ననే సిమ్ వేసిన. నీ లెటర్లు, రాధవి ముప్పై ఏడు మెసేజులు, అవ్వ వాయిస్‌లు అన్ని ఒక్కసారే వచ్చినయి. అవ్వ తిట్లు మొత్తం విన్న. ఆరోగ్యంగనే ఉన్నది.

నీకు లెటర్ పంపిన దినమే, పాత ఫోన్ పగులక ముందే, వాగు కాడికి పోయిన. గాడ సిగ్నల్ లేదు, నువ్వు పోకు అన్నది నాకు అందలే, అందినా పోదును. చెక్‌పోస్టు కాడ బండి ఆగలే, ఊకెనే భయపడ్డ. ముసలాయన ఇంటికి పోతే పట్టుకుని ఏడ్చిండు. రాయి ముచ్చట చేతులతోని చెప్పిన. నవ్విండు. నన్ను వాగు వెంట మీదికి తోలుకపోయిండు, నలభై నిమిషాలు నడిచినం. గాడ గుట్ట కోసినట్టున్నది. అక్కా, గుట్ట మొత్తం గదే. ఎటు చూసినా సకినాలే, పెద్దయి, చిన్నయి, కొన్ని నా తొడంత లావున్నయి. నేను గసొంటిది ఒక్క రాయి పక్కకు పెట్టిన్నని మురిసిన. గోడల నేను పేర్చినయన్ని గవే.

లొకేషన్ ఒక కాగితం మీద అంకెలు రాసుకున్న, ఫోన్ మీద నమ్మకం లేక. ఫోటోలు పోయినయి గని కాగితం ఉన్నది, దీని కింద ఫోటో తీసి పెట్టిన.

ఆమ్నెస్టీ ఆఫీసుల వేలిముద్రలు ఇచ్చిన. కంప్యూటర్ల నా పేరు కొట్టంగనే ఎర్రగ వచ్చింది. గాడి పిల్ల ఏదో కొట్టింది, ఎరుపు పోయింది. గంతే, ఏడాదిన్నర భయం. ఔట్‌పాస్ వచ్చింది, పాస్‌పోర్టు లేకున్న ఇంటికి పోనిచ్చే కాగితం. తొమ్మిదో తారీకు ఫ్లైట్.

గని వ్యాసం ఎందుకు వాపస్ తీసుకున్నవ్? నన్నెవరన్న అడిగిండ్రా? నువ్వు నాకోసం తీసుకుంటివి, నేను నీకోసం పోతి, మనిద్దరిని ఏమనాలె? నాకైతే మస్తు కోపమొచ్చింది. మల్ల పంపు. నా పేరు మాత్రం వద్దు. గా పేరు పక్కన పరారి అని రాసుకున్నోళ్ళు ఇంక ఉన్నరు.

సురేందర్


జగిత్యాల
4 నవంబర్, సోమవారం

తమ్మీ,

నీ "ఉన్న" చదివి ఆగి, నీళ్ళు తాగి వచ్చి మిగతాది చదివాను.

ఒకటి ఒప్పుకోవాలి. చివరిదాకా వచ్చి నీ కాగితం మీది అంకెలు కనపడగానే నేను చేసిన మొదటి పని మ్యాపు తెరవడం. రాధకు ఫోన్ చేయడం రెండోది. మధ్యలో పది నిమిషాలు ఉంటాయి. ఆ సంగతి ఆమెకు చెప్పాను. "పది నిమిషాలేనా? నయమే" అన్నది. నవ్విందో లేదో ఫోన్‌లో తెలియలేదు. తొమ్మిదో తారీకు శంషాబాద్‌కు ఇద్దరం కలిసే వస్తున్నాం, ముందు సీటు ఎవరిదన్న దగ్గర ఇంకా తేలలేదు.

నీ అంకెలు సున్నపురాయి మీదే పడ్డాయి. సరైన కాలం, సరైన దిబ్బ. ఎడిటర్‌కు మళ్ళీ రాశాను. మొదటి నుంచి పరిశీలించాలి, ఏడాది పట్టవచ్చు, ఈలోపు ఆ గుట్టకు ఇంకెవరైనా పోయి పేరు పెట్టినా పెట్టవచ్చు, అన్నాడు. పెట్టనీ అనుకోవాలని చూస్తున్నాను. అనుకోలేకపోతున్నాను. రాయిని మాత్రం ఆ దేశపు మ్యూజియానికే ఇస్తానని రాశాను, అది వాళ్ళది.

పేరు విషయంలో నీ మాట వినను. నీ పేరు పక్కన పరారి అని రాసిన కాగితం ఒకటి ఉంది. ఈ జాతిని వెతికి తీసినవాడివని రాసిన కాగితం కూడా ఒకటి ఉండాలి. మొదటిసారి నీకు చదివి వినిపించకుండా పంపాను, నీ చోటు గురించి నేనే రాసుకున్నాను. ఈసారి ముందు నీకు పంపుతున్నాను:

"దొరికిన చోటు: రాస్ అల్ ఖైమా కొండల్లో ఒక మేకల దొడ్డి గోడ కోసం వాగులోంచి మోసి తెచ్చిన రాళ్ళలో. అసలు పొర: అదే వాగు వెంట నలభై నిమిషాల నడకలో ఉన్న కొండచరియ. సేకరించినవారు: కట్కం సురేందర్, ఆ గోడ కట్టిన మేస్త్రి. ముందు ఇచ్చిన చోటు తప్పు. ఆ తప్పు రచయిత్రిది."

నడక అన్నావు కానీ, చరియ వాగుకు ఏ చేతి వైపు? పైకి పోతుంటే కుడి చెయ్యా, కిందికి వస్తుంటేనా? మ్యాపులో రెండు ఒడ్డులూ ఒకేలా ఉన్నాయి, ఊహించి రాయగలను, రాయను. నువ్వు చెప్పేదాకా ఆ చోట ఖాళీ వదిలిపెట్టాను.

అక్క,
వందన